భద్రమైన అభ్యంగనం అయిపోయింది, ఇక గుడితో పని అయిపోయినట్టేనా?

వైట్‌ఫీల్డ్ నాన్న | జూన్ 9, రాత్రి 9:50

అందరికీ వందనాలు. మా పెద్దమ్మాయికి గత నెలలో భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) జరిగింది. పీఠాధిపతి (బిషప్) గారు వచ్చారు, నుదుట పరిమళ తైలం పూశారు, ఫొటోలు దిగాం, బిరియానీ తిన్నాం. ఈ రోజు ఉదయం ఏడింటికి బలిపూజకు (ఆదివారం మాస్‌కు) లేపబోతే దుప్పటి తీయకుండానే, "నాన్నా, నాది అయిపోయింది కదా" అంది.

కోపం వచ్చింది. కానీ దారిలో స్కూటరు నడుపుతూ ఆలోచిస్తే అది అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. మూడో తరగతిలో ప్రథమ సత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్), తొమ్మిదో తరగతిలో అభ్యంగనం, చివర ఒక సర్టిఫికెట్. మనమే దానికి అలా చూపించాం. నా సంగతి కూడా అంతే. ఫిరంగిపురం దగ్గర మా ఊళ్లో సిస్టర్లు నేర్పిన జ్ఞానోపదేశమే (విశ్వాస పాఠాలే) నాకు మొదటిదీ ఆఖరుదీ. ఇప్పుడు నాకు 44 ఏళ్లు.

ఇంకొకటి. వేసవిలో మా అమ్మ ఊరి నుంచి వచ్చి రెండు నెలలు ఉంది. సాయంత్రం జపమాల చెబుతుంటే మనవరాలు పక్కన కూర్చుని ఒక్క ముక్క అందుకోలేకపోయింది. దానికి జపాలన్నీ ఇంగ్లిష్‌లో వచ్చు, తెలుగులో రావు. పైగా నన్ను అడిగింది: "నానమ్మ దేవుడిని మీరు అంటుందేమిటి? ఆయనేమైనా ప్రిన్సిపాలా?" నవ్వాను, కానీ జవాబు తెలియలేదు.

బెంగళూరులో మనలాంటి పెద్దవాళ్లకు, అందులోనూ తెలుగు వాళ్లకు, విశ్వాస శిక్షణ అంటూ ఏదైనా ఉందా? లేక గుడికి వెళ్లడం, కానుక వేయడం, రావడమేనా?

---

ఆదివారం మాస్టారు | జూన్ 9, రాత్రి 10:35

బాబూ, మీ అమ్మాయి నిజం చెప్పింది, కోప్పడకండి. నేను పంతొమ్మిదేళ్లుగా ఆదివారం జ్ఞానోపదేశం చెబుతున్నాను. మా విచారణలో (పారిష్‌లో) మూడో తరగతి గది కిటకిటలాడుతుంది. నాలుగో తరగతికి సగం మంది. మళ్లీ తొమ్మిదిలో నిండుతుంది, ఎందుకో మీకు తెలుసు. పదో తరగతి తరువాత గది తాళం కూడా తీయం.

పిల్లలు లోపల ఉన్న గంటసేపూ తల్లిదండ్రులు ఎక్కడ ఉంటారో చూశారా? బయట పార్కింగ్‌లో, కారు అద్దాలు ఎక్కించుకుని, ఫోన్లు చూసుకుంటూ. పిల్లల గురించి ఫిర్యాదు చేసేది కూడా వాళ్లే.

శ్రీసభ (కథోలిక సంఘం) ఇలా చెప్పలేదు. 1971 నాటి జ్ఞానోపదేశ నిర్దేశిక పెద్దల శిక్షణనే ముఖ్యమైన రూపం అన్నది. 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారు కాతెకేసి త్రాదెందే లేఖలో అదే మాట మళ్లీ అన్నారు. 1997లో వచ్చిన నిర్దేశికా, 2020లో వచ్చినదీ ఆ దారిలోనే ఉన్నాయి. యాభై ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. మనం యాభై ఏళ్లుగా పిల్లల గదికే రంగులు వేయిస్తున్నాం. శ్రీసభ ధర్మశాస్త్రం 774వ సూత్రం చూడండి: మాటతోనూ నడవడితోనూ పిల్లలకు విశ్వాసం నేర్పే బాధ్యత అందరికంటే ముందు తల్లిదండ్రులదే. నా బోటి వాడు వాళ్ల తరువాతే.

---

గుణదల మెట్లు | జూన్ 10, ఉదయం 5:15

నాయనా, ఇంత పెద్ద మాటలు అవసరమా? నా వయసు 71. రైల్వేలో పనిచేసి విజయవాడలో రిటైరయ్యాను, ఇప్పుడు హొరమావులో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఏ నిర్దేశికలూ చదవలేదు. రోజూ జపమాల, శుక్రవారం ఒక పూట, తపస్సు కాలంలో (లెంట్‌లో) సిలువ మార్గం, ఫిబ్రవరి 11కు గుణదల కొండ. ఓపిక ఉన్నన్నాళ్లు మెట్లు ఎక్కాను. ఇక్కడ శివాజీనగర్ మరియమాత గుడిలో సెప్టెంబరు 8 పండుగకు చూడండి, ఆ జనం అంతా నిర్దేశికలు చదివి వచ్చారా? ఇంట్లో సాయంత్రం దీపం పెట్టి మోకరించండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

---

ప్రశ్నల పెట్టె | జూన్ 10, మధ్యాహ్నం 1:20

పెద్దాయనా, మీ భక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ "వాళ్లంతట వాళ్లే వస్తారు" అన్నారే, నేను రాలేదు. మా ఇంట్లోనూ రోజూ దీపం పెట్టేవారు, మోకరించేవాళ్లం.

ఎనిమిదో తరగతిలో మా జ్ఞానోపదేశం టీచరును అడిగాను, ఆరు రోజుల్లో లోకం పుట్టిందంటే సైన్సు పుస్తకం అబద్ధమా అని. ఆవిడ, "అలా అడగడం పాపం, పాపసంకీర్తనంలో చెప్పుకో" అన్నారు. చెప్పుకున్నాను కూడా! ఆ తరువాత పదకొండేళ్లు క్రిస్మస్‌కు తప్ప గుడి మెట్లు ఎక్కలేదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగంలో చేరాక, ఒక రాత్రి ఏదో చదువుతుంటే తెలిసింది. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్క కట్టి చెప్పిన జార్జ్ లెమైత్ర్ కథోలిక గురువు (ఫాదర్). ఆదికాండం సైన్సు పాఠం కాదన్న మాట శ్రీసభలో ఎప్పటి నుంచో ఉంది. కోపమూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఈ ముక్క నాకు పదమూడేళ్లప్పుడు ఒక్కరు చెప్పి ఉంటే?

అందుకని దీపం చాలదు. పక్కన ఒక మనిషి కూడా కావాలి, ప్రశ్న అడిగితే బెదిరిపోని మనిషి.

---

గుణదల మెట్లు | జూన్ 10, మధ్యాహ్నం 3:05

ఆ టీచరమ్మ చేసింది తప్పే. ఒప్పుకుంటాను.

---

సర్జాపూర్ సైటు | జూన్ 10, రాత్రి 11:10

మీరంతా చదువుకున్న కుటుంబాల గురించి మాట్లాడుతున్నారు. నేను భవన నిర్మాణంలో సూపర్‌వైజరుని. మా సైటు వెనక రేకుల షెడ్లలో కర్నూలు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని కుటుంబాలు పుట్టు కథోలికులు. గోడకు జపమాల వేలాడుతూ ఉంటుంది, మరియమాత క్యాలెండరు ఉంటుంది.

వాళ్లకు ఆదివారం సగం పూటే సెలవు. ఆ పూటలోనే బట్టలు ఉతుక్కోవాలి, సంత చేసుకోవాలి. దగ్గర్లోని మన గుడి ఆటోకు నూట యాభై రూపాయల దూరం. అంతా పెట్టుకుని వెళితే పూజ ఇంగ్లిష్‌లోనో కన్నడంలోనో ఉంటుంది. చివరి బెంచీలో కూర్చుని వస్తారు, ఎవరూ పలకరించరు. రెండోసారి వెళ్లరు.

మరి శనివారం రాత్రి ఎనిమిదింటికి ఒక తెలుగు పాస్టరుగారు పాత స్కూటరు మీద షెడ్ల దగ్గరికి వస్తారు. పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు. ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరి కూలి డబ్బు మేస్త్రీ దగ్గర ఆగిపోయిందో ఆయనకు తెలుసు. ఒక పాట, ఒక వాక్యం, తలమీద చేయి పెట్టి ప్రార్థన. మన వాళ్లు అటు వెళుతున్నారని మన గుడిలో ప్రసంగాల్లో బాధపడతారు. ఆయనను తిట్టి ఏం లాభం? ఆయన చేసిన పని మనం చేయలేదు. ఫ్రాన్సిస్ పోపుగారు 2013లో ఎవాంజెలీ గౌదియుం లేఖలో, శ్రీసభ గడప దాటి బయటికి వెళ్లాలని అంత గట్టిగా రాశారు కదా. మా షెడ్లు గడపకు ఆరు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి.

---

రాత్రి డ్యూటీ | జూన్ 11, ఉదయం 8:40

డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. నేను నర్సుని, మాది గుంటూరు జిల్లా.

సర్జాపూర్ అన్నయ్య చెప్పిన పాస్టరుగారి లాంటి వారే మా హాస్టలుకు వస్తారు. ఒకసారి నా రూమ్మేట్ నన్ను నిలదీసింది: "మీ బైబిల్లో పుస్తకాలు ఎక్కువ ఎందుకున్నాయి? మీరు కలిపారా?" నాకు నోట మాట రాలేదు. మన కథోలికులవి 73 అనీ ప్రొటెస్టెంటు వాళ్లవి 66 అనీ కూడా అప్పటిదాకా తెలియదు. తోబీతు, యూదితు, మక్కబీయులు వంటి ఏడు గ్రంథాలు గ్రీకు భాషలోని పాత నిబంధనలో ఉన్నాయనీ, తొలి క్రైస్తవులు వాటిని చదివేవారనీ, 1546లో త్రెంతు మహాసభ ఆ జాబితాను ఖరారు చేసిందనీ తరువాత ఒక సిస్టర్ చెప్పారు. అంతే, రెండు నిమిషాల సంగతి. ఇరవై ఆరేళ్లు పూజకు వెళ్లాను, ఆ రెండు నిమిషాలు నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

తరగతులు పెడితే నాలాంటి వాళ్లు రాలేరు. షిఫ్టులు వారం వారం మారతాయి. నేను చేసేది చెబుతాను. ఆదివారం పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి కదా, మొదటి ఏడు మత్తయి, రెండో ఏడు మార్కు, మూడో ఏడు లూకా. ఇప్పుడు, ఈ 2024లో, నడుస్తున్నది మార్కు సంవత్సరం. రాబోయే ఆదివారం సువార్త భాగాన్ని వారం ముందే తీసి, రోజూ బస్సులో ఒకసారి చదువుతాను. ఈ వారం విత్తనం కథ. రైతు నిద్రపోతుంటే విత్తనం ఎలా మొలిచిందో అతనికే తెలియదు. రాత్రంతా మెలకువగా ఉండే నాకు ఆ నిద్రపోయే రైతు మీద కొంచెం అసూయ కలిగింది, అది వేరే విషయం. ఆదివారం గుడిలో అదే భాగం చదివినప్పుడు తెలిసిన మనిషి ఎదురైనట్టు ఉంటుంది.

---

పాస్కా రాత్రి | జూన్ 11, మధ్యాహ్నం 2:30

ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మా పుట్టిల్లు అనంతపురం, హిందూ కుటుంబం. మా వారు గుంటూరు కథోలికులు. పెళ్లి నాటికి నేను మారలేదు, ఎవరూ మారమనలేదు. ఆరేళ్ల తరువాత నాకై నేనే అడిగాను. మా అత్తగారే, "తొందరేం లేదు, బాగా ఆలోచించుకో" అన్నారు.

పెద్దవాళ్లు శ్రీసభలో చేరడానికి 1972లో వచ్చిన క్రమం ఒకటి ఉంది. ఎంత చక్కటి క్రమమో దానిలో నడిచినవాళ్లకే తెలుస్తుంది. మొదట ఊరికే ప్రశ్నలు అడిగే కాలం. తరువాత దైవవాక్యం వింటూ నేర్చుకునే కాలం. ఆ తరువాత తపస్సు కాలంలో హృదయశుద్ధి. ఆ కాలంలోని మూడు ఆదివారాలలో ఒకదాని సువార్త సమరియ స్త్రీది, ఒకటి పుట్టుగుడ్డిది, ఒకటి లాజరుది. మిట్టమధ్యాహ్నం కడవ పట్టుకుని బావి దగ్గరికి వచ్చిన ఆడమనిషి కథను అనంతపురం దానికి వేరే విడమరచి చెప్పాలా? ఆ రోజు కన్నీళ్లు ఆగలేదు. పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం పొందాను. గుడి అంతా కొవ్వొత్తుల వెలుగు, నా పేరు పిలిచారు.

ఆ మరునాటి నుంచి ఒక్కరు ఫోను చేయలేదు.

నాలుగో దశ ఒకటి ఉందని నాకు చాలా కాలం తరువాత తెలిసింది. పాస్కా నుంచి పెంతెకొస్తు వరకు, పొందిన సంస్కారాల అర్థాన్ని కొత్తవాళ్లతో కలిసి నెమ్మదిగా తరచి చూసే కాలం అది. నాలుగో శతాబ్దంలో యెరూషలేము పీఠాధిపతి సిరిలు గారి పేరుతో ఉన్న ప్రసంగాలు అలాంటివే, స్నానం అయిన తరువాతే దాని అర్థం చెప్పేవారట. మా అప్పటి విచారణలో ఆ దశ మాటే ఎత్తలేదు. తొమ్మిది నెలలు చేయి పట్టుకుని నడిపించి, ఇంటి గుమ్మం లోపలికి రాగానే చేయి వదిలేసినట్టు అయింది. ఎక్కడ కూర్చోవాలో తెలియని కొత్త కోడలిలా రెండేళ్లు గడిపాను. అన్నయ్యగారూ, మీ అమ్మాయి "నాది అయిపోయింది" అంది. నాకైతే వాళ్లే "నీది అయిపోయింది" అన్నట్టు అనిపించింది.

---

కోరమంగళ ప్లీడరు | జూన్ 11, సాయంత్రం 6:00

చర్చ బాగుంది, ఒక చిన్న హెచ్చరిక. సువార్తా పరిచర్య అనగానే షెడ్ల దగ్గరికి బయలుదేరే ముందు ఎవరి దగ్గరికి, దేనికి వెళుతున్నామో స్పష్టత ఉండాలి. కర్ణాటకలో 2022లో వచ్చిన మత స్వేచ్ఛ హక్కు పరిరక్షణ చట్టంలో, మతం మారదలచినవారు 30 రోజుల ముందే జిల్లా మెజిస్ట్రేట్‌కు తెలపాలన్న నిబంధన ఉంది. దాన్ని రద్దు చేయాలని 2023 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆశ చూపి మనుషుల్ని లాగడం మన బోధనకే విరుద్ధం. శ్రీసభ పెరిగేది అలా లాగడం వల్ల కాదు, ఆకర్షణ వల్ల అని బెనడిక్ట్ పోపుగారు అన్న మాటనే ఫ్రాన్సిస్ పోపుగారు తన లేఖలో ఎత్తి చెప్పారు. జ్ఞానస్నానం పొందిన మన వాళ్లనే మనం పలకరించడం లేదు. ముందు ఆ పని చూద్దాం.

---

నిర్వాహకులు | జూన్ 11, సాయంత్రం 6:45

చట్టం గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడ విశ్వాస శిక్షణ వరకే. ఏ విచారణ పేరూ, ఏ గురువుల పేరూ ఎత్తకుండా రాస్తున్నందుకు అందరికీ కృతజ్ఞతలు.

---

ఉపదేశి మనవరాలు | జూన్ 12, రాత్రి 10:20

సర్జాపూర్ అన్నయ్య ఆ పాస్టరుగారి స్కూటరు గురించి రాసింది చదివి మా తాతయ్య గుర్తొచ్చారు. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరికి ఆయన ఉపదేశి. గురువులు నెలకు ఒకసారి వచ్చేవారు, వానాకాలంలో అదీ లేదు. మిగతా రోజులన్నీ శ్రీసభ అంటే మా తాతయ్యే. పొద్దుగూకాక గుడి గంట కొట్టేవారు, పొలం నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని అలాగే వచ్చి కూర్చునేవారు. జపం అయ్యాక ప్రశ్నలు. "నిన్ను సృష్టించినది ఎవరు?" "సర్వేశ్వరుడు." "ఎందుకు సృష్టించెను?"

ఆ ప్రశ్నలు ఆయన పిల్లల్ని అడిగేవారు కాదు. పిల్లలకు పగలు వేరే పాఠం ఉండేది. రాత్రి అడిగేది పెద్దవాళ్లను. మా మేనత్త పెళ్లయిన పదేళ్లకు పుట్టింటికి వస్తే ఆమెను కూడా నిలబెట్టి అడిగారు, ఆమె తప్పు చెబితే జనమంతా నవ్వారు. "పిల్లలకు మరపు రాదు, మీకే వస్తుంది" అనేవారట.

ఆయన దగ్గర ఒక గీతల పుస్తకం ఉండేది. అందులో పాఠాలు లేవు. ఎవరి ఇంట్లో రోగం, ఎవరెవరికి మాటలు లేవు, ఎవరు పూజకు రావడం మానేశారు, ఏ పిల్ల అత్తింటి నుంచి తిరిగొచ్చింది, అన్నీ రాసుకునేవారు. చావు దగ్గరపడిన వాళ్ల పక్కన కూర్చుని జపాలు చెప్పేవారు. గురువులు అందకపోతే మట్టి కార్యం కూడా ఆయనే నడిపించేవారు. జీతం అంటారా, కొంత డబ్బు, కొంత బియ్యం. చాలా నెలలు బియ్యం మాత్రమే.

2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఆంతీకుఉం మినిస్తేరియుం అనే లేఖతో ఉపదేశి పనిని శ్రీసభలో ఒక స్థిరమైన పరిచర్యగా నెలకొల్పారు. ఆ వార్త చదివిన రోజు తాతయ్య లేరే అని బాధపడ్డాను. బెంగళూరులో అన్నీ ఉన్నాయి. మైకులు, తెరలు, జ్ఞానోపదేశ పుస్తకాలు. దేశం మొత్తానికీ పనికొచ్చే జాతీయ బైబిలు, జ్ఞానోపదేశ, దైవార్చన కేంద్రం 1967 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. లేనిదల్లా ఆ గీతల పుస్తకం.

వైట్‌ఫీల్డ్ అన్నయ్యా, మీ అమ్మాయి ప్రశ్నకు నాకు తోచింది చెబుతాను. మన పాత జపాల్లో "మీ నామము పూజింపబడునుగాక" అంటాం, మరియమ్మను కూడా "ఏలినవారు మీతో ఉన్నారు" అంటాం. పక్క సంఘాల (ప్రొటెస్టెంటు) వాళ్లు "నీ నామము" అంటారు. తెలుగు ఇళ్లలో నాన్నను మీరు అనే ఇళ్లూ ఉన్నాయి, నువ్వు అనే ఇళ్లూ ఉన్నాయి, ప్రేమలో తేడా ఉండదు. మీ అమ్మాయి మిమ్మల్ని ఏమంటుందో అడిగి చూడండి, అక్కడి నుంచి మాట సాగుతుంది.

---

ఆదివారం మాస్టారు | జూన్ 13, ఉదయం 6:30

తల్లీ, చాలా బాగా రాశావు. కానీ ఒక్క మాట అడుగుతాను, నొచ్చుకోవద్దు. ఆ గుడిలో ఎవరు ఎక్కడ కూర్చునేవారో కూడా రాయి. మా ఊళ్లోనూ అటువంటి ఉపదేశి ఉండేవారు. మా పేట వాళ్లం వెనక, పెద్ద కులాల వాళ్లు ముందు. ప్రశ్నలు కూడా ముందు వరసకే. పాతదంతా బంగారం అనుకుంటే, ఇక్కడికొచ్చి నగరంలో ఎవరికీ తెలియకుండా చివరి బెంచీలో కూర్చోవడమే హాయి అనుకునేవాళ్ల బాధ మనకు అర్థం కాదు.

---

ఉపదేశి మనవరాలు | జూన్ 13, మధ్యాహ్నం 1:00

నిజమే మాస్టారూ. మాదీ వెనక వరసే. తాతయ్య ఉపదేశి అయ్యాకే ముందుకు వచ్చాం, మా పక్కింటివాళ్లు రాలేదు. అది రాయకుండా ఉండాల్సింది కాదు.

---

ప్రశ్నల పెట్టె | జూన్ 13, రాత్రి 9:15

నా సూటి ప్రశ్న. తెలుగు పూజ కావాలని అడుగుదామా? ధర్మశాస్త్రం 518వ సూత్రంలో భాషను బట్టి విచారణలు ఏర్పాటు చేసే వీలు ఉంది కదా.

---

ఆదివారం మాస్టారు | జూన్ 13, రాత్రి 10:05

వీలు ఉంది, అవసరం అయితేనే అని కూడా ఉంది. ఈ అగ్రపీఠంలో (బెంగళూరు ఆర్చ్‌డయోసిస్‌లో) కన్నడం, తమిళం, ఇంగ్లిష్, కొంకణి, మలయాళం అన్నీ ఉన్నాయి, భాష విషయంలో పాత గాయాలూ ఉన్నాయి. మనం వచ్చింది కన్నడ నాడుకు. జెండా పట్టుకుని వెళ్లకండి. నెలకు ఒక తెలుగు పూజ అడగడం వేరు, వారానికి ఒక గంట, ఒక గది, ఆరు కుర్చీలు అడగడం వేరు. రెండోదానికి పైవాళ్ల అనుమతుల కోసం ఆగక్కర్లేదు, మీ విచారణ గురువులు ఊఁ అంటే చాలు. ఇంకో మాట, పిల్లలకు తెలుగు నేర్పడానికి దీన్ని సాకు చేయకండి. వాళ్లు ఇంగ్లిష్‌లో ప్రార్థిస్తే సర్వేశ్వరుడికి అర్థమవుతుంది. తెలుగు కావలసింది మనకు. లోపల ఉన్న సందేహం అరువు భాషలో బయటికి రాదు.

---

గుణదల మెట్లు | జూన్ 14, ఉదయం 5:10

గది దొరికితే నేనూ వస్తాను. మెట్లు ఉంటే ముందే చెప్పండి, మోకాళ్లు.

---

వైట్‌ఫీల్డ్ నాన్న | జూలై 15, రాత్రి 9:30

నెల రోజులు కనిపించనందుకు క్షమించండి. గురువులను అడగడానికి మూడు వారాలు ధైర్యం చాలలేదు. తీరా అడిగితే ఆయన, "పెద్దవాళ్లు అడుగుతారని పదేళ్లుగా చూస్తున్నాను" అన్నారు. పూజ వస్త్రాల గది వెనక ఒక చిన్న గది ఇచ్చారు, ఆదివారం ఎనిమిదింబావు నుంచి తొమ్మిదింబావు వరకు. కింది అంతస్తే, మెట్లు లేవు. షరతు ఒక్కటే, ఫ్యాను ఆపి వెళ్లాలి.

నిన్న మొదటిసారి కూర్చున్నాం. మొత్తం తొమ్మిది మంది. పార్కింగ్‌లో ఫోన్లు చూసుకునే వాళ్లలో ఇద్దరిని నేనే కారు అద్దం మీద కొట్టి పిలుచుకొచ్చాను. సర్జాపూర్ అన్నయ్య షెడ్ల నుంచి ఒక జంటను స్కూటరు మీద తీసుకొచ్చారు, పెట్రోలు డబ్బు ఇస్తానంటే కోప్పడ్డారు. పాస్కా రాత్రి చెల్లెమ్మ వచ్చి అందరికంటే ముందు కుర్చీలు తుడిచింది. పాఠం ఏమీ లేదు. నిన్నటి సువార్త, మార్కు ఆరో అధ్యాయం, ఏసుప్రభువు పన్నెండుగురిని ఇద్దరిద్దరుగా పంపే భాగం. తెలుగులో రెండుసార్లు చదివాం. షెడ్ల నుంచి వచ్చిన ఆయన అన్నారు, "రొట్టె లేదు, సంచి లేదు, డబ్బు లేదు. మేం బెంగళూరు వచ్చింది ఇలాగే." ఆ తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మా అమ్మాయి సంగతి. ఇంటి తాళం నా దగ్గర ఉండిపోవడం వల్ల వచ్చింది, భక్తితో కాదు. మూలన కూర్చుని ఫోనులో ఇంగ్లిష్ బైబిలు తెరిచి ఉంచుకుంది. అందరూ లేవబోతుంటే అడిగింది: "రెండు అంగీలు వద్దన్నారు, సంచి వద్దన్నారు. మరి చెప్పులు, కర్ర మాత్రం ఎందుకు ఒప్పుకున్నారు?" మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాస్టారూ, మీరు నిన్న రాలేదు, అందుకని మీ మీద వేసి తప్పించుకున్నాను.

---

ప్రశ్నల పెట్టె | జూలై 15, రాత్రి 10:10

అన్నా, ఇంకో చిక్కు ఉంది. మత్తయి పదో అధ్యాయం తీసి చూశాను. అక్కడ చెప్పులూ వద్దు, కర్రా వద్దు! లూకా తొమ్మిదిలోనూ కర్ర వద్దనే ఉంది. మార్కు ఒక్కడే ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయికి ఇంకా చెప్పకండి, తనే కనిపెడుతుందేమో చూద్దాం.

---

ఆదివారం మాస్టారు | జూలై 16, ఉదయం 6:20

పంతొమ్మిదేళ్లలో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు తోచింది ఒకటి ఉంది, చేతిలో కర్ర, కాలికి చెప్పులు అనగానే నిర్గమకాండం పన్నెండులో పాస్కా రాత్రి ప్రయాణానికి సిద్ధమై తొందరగా భోజనం చేసినవాళ్లు గుర్తొస్తారు. మార్కుకు అది మనసులో ఉందో లేదో గట్టిగా చెప్పను. వచ్చే ఆదివారం ఎనిమిదింబావుకు నేనూ వస్తాను, నా తరగతి తొమ్మిదిన్నరకే కదా. ఆ అమ్మాయిని రమ్మనండి. రాకపోతే బలవంతం చేయకండి.

---

గుణదల మెట్లు | జూలై 16, ఉదయం 6:50

ఆ రోజు ఆటో దొరక్క రాలేకపోయాను. హొరమావు నుంచి ఎవరైనా అటు వెళుతున్నారా? నా దగ్గర మా నాన్నగారి నాటి జ్ఞానోపదేశ పుస్తకం ఉంది, అట్ట ఊడిపోయింది. తెస్తాను, కానీ తిరిగి ఇచ్చేయాలి.

---

రాత్రి డ్యూటీ | జూలై 16, ఉదయం 8:35

శనివారం నాది నైట్. ఏడున్నరకు దిగి నేరుగా వస్తాను, నిద్రపోతే లేపండి. ఉపదేశి మనవరాలు అక్కా, నువ్వు ఒక గీతల పుస్తకం కొనుక్కురా, తొమ్మిది మంది పేర్లు రాసి పెడదాం. టీ ఫ్లాస్కు ఎవరు తెస్తున్నారు?